ఉపేక్ష, పరీక్ష, సమీక్ష

తన్ను వెంబడింపదలచినవాడు పాటింపవలసిన మొదటి నియమంగా క్రీస్తు చెప్పినదానిని మన తెలుగు బైబిలు ‘ఉపేక్షించుకొనుట’ అనే పదంతో అందించింది. శిష్యుడు ముందు తన్ను తాను ఉపేక్షించుకోవాలి, అటుపిమ్మట తన సిలువను ఎత్తుకోవాలి. క్రైస్తవేతరులైన మిత్రులకు ఈ ప్రయోగం వింతగా తోచవచ్చు. వాడుకలో ఉపేక్ష అంటే నిర్లక్ష్యమే కదా! వైద్యుడు రోగిని ఉపేక్షించాడంటే అది నింద. చెరువుకట్టకు పడిన గండిని ఊరివారు ఉపేక్షించారన్నా నిందే. అటువంటి పదం శిష్యధర్మానికి మొదటి మెట్టు ఎలా అయింది?

పదం పుట్టుక చూస్తే కొంత తెలుస్తుంది. ‘ఈక్ష’ ధాతువుకు చూచుట అని అర్థం. ముందు చేరే ఉపసర్గను బట్టి ఆ చూపు తీరు మారుతుంది. అపేక్షలో కోరికతో చూస్తాం. ప్రతీక్షలో ఎదురుచూస్తాం. పరీక్షలో చుట్టూ తిరిగి అన్ని వైపుల నుండి చూస్తాం. సమీక్షలో చక్కగా కలియజూస్తాం. ఉపేక్షలో చూచియు చూడనట్లు ఊరకుంటాం. యోగశాస్త్రం మైత్రి, కరుణ, ముదితల సరసన ఉపేక్షకు పీట వేసింది. బౌద్ధులూ ఈ నాలుగింటిని కలిపే చెప్పుకొన్నారు. కనుక ఆ పదంలో నిర్లక్ష్యమే గాక, పక్షపాతం లేని తాటస్థ్యం కూడ ఉంది. తన సుఖం, తన పేరు, తన మాటే నెగ్గాలన్న పట్టుదల, వీటి విషయంలో శిష్యుడు తన పక్షం తాను వహించరాదు. ఈ దృష్టితో చూస్తే మన అనువాదకులు ఏరుకొన్న పదం మంచి పదమే.

గ్రీకు మూలంలో మరొక విశేషం ఉంది. సువార్తలలో ఈ చోట వాడిన క్రియాపదమే, క్రీస్తు పట్టుబడిన రాత్రి పేతురు తన గురువును ఎరుగనని బొంకిన ఘట్టంలో కూడ వస్తుంది. తెలుగులో ఒకచోట ఉపేక్షించుట, మరొకచోట ఎరుగననుట అని వేర్వేరు మాటలు పడడం వల్ల ఆ బంధం మన కంటికి ఆనదు. పేతురు గురువును ఎరుగనన్నాడు. శిష్యుడు ఎరుగననవలసినది తన అహాన్ని.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈ టపాలో నేను చెప్పదలచినది దీని తరువాతి మెట్టు. తన్ను తాను ఉపేక్షించుకొన్నానని చెప్పేవాడు ఇతరుల సమీక్షకు లొంగాలి. తన చేతికి వచ్చిన సొమ్ముకు, అధికారానికి, మనుష్యులకు లెక్క ఒప్పజెప్పాలి. అందుకు ఇష్టపడనివాడు ఎన్ని ఉపవాసాలున్నా, ఎంత ముతకబట్ట కట్టినా, అతని ఉపేక్ష ఇంకా పూర్తి కాలేదన్నమాటే. మన ప్రాంతపు సంఘాలలో త్యాగానికి ఉన్న గౌరవం లెక్కకు లేదు. నా బాధ అదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాలలో క్రైస్తవ కుటుంబాలు చాలవరకు చిన్న రైతులవి, కూలిపనివారివి, చిరుద్యోగులవి. వీరి త్యాగాన్ని ఎవరూ తక్కువగా చూడరాదు. శ్రమకాలపు నలభై దినాలు ఒంటిపూట భోజనంతో గడిపేవారున్నారు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే తల్లులున్నారు. కోతపండుగనాడు తొలి గుమ్మడికాయను, తొలి కోడిపుంజును తెచ్చి, వేలంలో తామే ఎక్కువ ధరకు పాడి తీసుకొనేవారున్నారు. పుంగనూరు ఆవు ఎత్తు తక్కువ, పాలలో వెన్న ఎక్కువ అని ప్రసిద్ధి కదా. ఈ సంఘాల కానుకలు కూడ అటువంటివే. చూడడానికి చిన్నవి, కాని చిక్కనివి.

ఆ పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన రొక్కమెంత, అది దేనికి ఖర్చయింది అని అడిగితే చాలచోట్ల జవాబు ఉండదు. అడిగినవానిని వింతగా చూస్తారు. మదనపల్లె టమోటా మార్కెట్టుకు సరుకు తోలిన రైతు, పెట్టెలెన్ని దిగాయి, ఏ ధర పలికింది, కమీషను ఎంత పట్టుకొన్నారు అని చీటీ చేతికి వచ్చేదాకా మండీ వదలడు. ఆ రైతే ఆదివారం నాడు కానుక సంచిలో నోటు వేసి, ఆ సంచి ఏ గదిలోకి వెళ్ళిందో కూడ చూడక ఇంటికి వస్తాడు. అది భక్తి అని అతడు అనుకొంటాడు. అతని చేత అలా అనుకొనేటట్లు చేసినవారూ ఉన్నారు.

మన భాషలో ‘లెక్క’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ఒకటి గణన, రెండవది మన్నన. అతడు నన్ను లెక్కచేయలేదంటే మన్నించలేదని అర్థం. లెక్కలేనితనం అంటే ఎవరినీ ఖాతరు చేయని పొగరు. శిష్యుడు తన్ను తాను లెక్కచేసుకోనివాడు. మంచిదే. కాని తన్ను లెక్కచేసుకోకపోవడం వేరు, తన చేతిలోని దానికి లెక్క చెప్పకపోవడం వేరు. మొదటిది వినయం. రెండవది లెక్కలేనితనం. త్యాగం పేరుతో మొదలై రెండవదానిలోకి జారిపోయినవారిని మన తరం చాలమందిని చూచింది.

సువార్తలను వరుసగా చదివితే సిలువకూ లెక్కకూ ఉన్న పొత్తు స్పష్టంగా కనిపిస్తుంది. లూకా 14వ అధ్యాయంలో సిలువ మోయనివాడు తనకు శిష్యుడు కాలేడని చెప్పిన వెంటనే, గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోడా అని క్రీస్తు అడుగుతాడు. మరి రెండధ్యాయాలు దాటితే, యజమాని తన గృహనిర్వాహకుణ్ణి పిలిచి లెక్క అడిగే ఉపమానం వస్తుంది. మార్కు 12లో విధవరాండ్ర ఇండ్లను మింగే మతపెద్దలను హెచ్చరించిన పిమ్మట, క్రీస్తు కానుకపెట్టె ఎదుట కూర్చుండి ఎవరెవరు ఏమి వేస్తున్నారో చూచాడు. పేద విధవ రెండు కాసుల కథ అక్కడిదే. ఆ కథను ప్రసంగాలలో కానుకలు పెంచడానికి వాడుకొంటాం. దానికి ముందున్న హెచ్చరికను మాత్రం అంతగా చదవం. ఇచ్చిన విధవను చూచిన కన్నే, పుచ్చుకొనే పెద్దలను కూడ చూస్తున్నది.

యూదా విషయం ఇంకా గట్టిది. పన్నిద్దరిలో సొమ్ముసంచి అతనివద్ద ఉండేదని, అందులో వేసినది అతడు కాజేసేవాడని యోహాను వ్రాశాడు. యూదా కూడ మిగిలినవారితోపాటు ఊరూరు తిరిగాడు, దొరికినది తిన్నాడు. వెలుపలి త్యాగంలో అతడు పేతురుకు తీసిపోయినట్లు ఎక్కడా కనిపించదు. సంచి అతని చేతిలో ఉన్నదని చెప్పిన సువార్త, ఆ సంచిని మరొకరు చూచినట్లు చెప్పలేదు. సర్వం విడిచి వచ్చినవాడు సంచిని సరిగా చూచుకొంటాడన్న పూచీ ఏమీ లేదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

దీనికి ఎదురుగా పౌలును నిలబెట్టి చూడండి. కొరింథులో జీతం పుచ్చుకోకుండ డేరాలు కుట్టి బ్రతికినవాడు. నేను మీ కాసు ముట్టలేదు, నన్ను అడగడానికి మీరెవరు అనే హక్కు ఎవరికైనా ఉంటే అది ఆయనకే ఉండాలి. అటువంటివాడు యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన చందాను ఒంటరిగా మోయడానికి ఒప్పుకోలేదు. తీతును, సంఘాలు ఎన్నుకొన్న మరొక సహోదరుణ్ణి వెంట పంపిస్తున్నానని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో చెప్పాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమపై ఎవరూ నింద మోపకూడదన్నది కారణం. ప్రభువు ఎదుట సరిగా ఉంటే చాలదు, మనుష్యుల ఎదుట కూడ సరిగా ఉండాలన్నది ఆయన భావం. తన యోగ్యతమీద తనకున్న నమ్మకాన్ని పక్కన పెట్టి, ఇంకొకరి కన్ను తనమీద ఉండడానికి ఒప్పుకోవడం కంటే గొప్ప ఉపేక్ష ఏముంటుంది?

మన తెలుగు క్రైస్తవ సాహిత్యానికి తొలినాళ్ళలో పనిచేసినవారిలో విలియం కేరీ ఒకడు. శ్రీరాంపురం నుండి 1814లో తెలుగు వ్యాకరణాన్ని, 1818లో తెలుగు క్రొత్త నిబంధనను వెలువరించాడు. కేరీ, మార్ష్‌మన్, వార్డు ముగ్గురూ సొంత ఆస్తి లేకుండ ఉమ్మడి నిధిపై జీవించారు. ఫోర్టు విలియం కళాశాలలో కేరీకి వచ్చిన జీతం కూడ, తన పోషణకు కావలసిన కొద్దిపాటి పోను, ఆ నిధికే చేరేది. 1805లో వారు వ్రాసుకొన్న ఒడంబడికను ఏటా మూడుసార్లు ప్రతి కేంద్రంలోనూ చదువుకోవాలని నియమం పెట్టుకొన్నారు. ఇంతటి త్యాగధనులకు కూడ లెక్క దగ్గరే చిక్కు వచ్చింది. మేము సంపాదించి కట్టిన ఆస్తి మీద మాకు స్వేచ్ఛ ఉండాలని వారు, సంఘం పేరుతో ఉన్నదానికి సంఘానికి జవాబు చెప్పాలని ఇంగ్లండులోని మిషను పెద్దలు పట్టుబట్టారు. 1827లో ఇరుపక్షాలు విడిపోయాయి. మరల కలిసినది 1837లో, కేరీ మరణించిన మూడేండ్లకు. ఇందులో ఎవరూ దొంగలు కారు. ఆస్తి ఎవరి పేర ఉండాలి, ఎవరు ఎవరికి జవాబుదారులు అన్నది తేటగా లేకపోతే పుణ్యపురుషుల మధ్య కూడ గోడ లేస్తుందని ఈ కథ చెబుతుంది.

మన మదనపల్లెకే వద్దాం. ఆర్కాటు మిషను 1853లో ఏర్పడింది. ఆ మిషను పక్షాన జేకబ్ చేంబర్లేన్ అనే అమెరికా వైద్యుడు పలమనేరు, మదనపల్లెలలో వైద్యశాలలు నడిపి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. తెలుగు బాగా నేర్చినవాడు. అయినా తెలుగు బైబిలు సవరణను తన ఒక్కడి పనిగా చేయలేదు. 1873 నుండి ఇరవై ఏండ్లకు పైగా ఆ పని చూచిన సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. పండితుడైనవాడు తన వాక్యాన్ని నలుగురి ఎదుట పెట్టి, వారు దిద్దితే ఒప్పుకోవడం ఎంత కష్టమో భాషతో పనిచేసే మిత్రులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఒంటిపూట తినడం దీనికంటే సులభం.

ఆరోగ్యవరం సంగతి ఇంకా పాఠం చెబుతుంది. క్షయరోగుల కోసం 1912లో పలు మిషనులు ఏకమై మదనపల్లెలో ప్రారంభించిన చికిత్సాలయం 1915లో ఆరోగ్యవరంలో స్థిరపడింది. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని నిలబెట్టాడు. అది ఏ ఒక్క మిషను సొత్తూ కాదు. క్షయకు సరైన మందు లేని కాలంలో ఆ రోగుల నడుమ జీవితం గడపడం ఎంతటి త్యాగమో ఊహించుకోవచ్చు. నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది ఆయన కుమారుడు యోహాన్నెస్ కాలంలో జరిగినది. 1948లో మనదేశంలో బీసీజీ టీకా తొలి ప్రయత్నాలు జరిగిన తావులలో మదనపల్లె ఒకటి. 1950 దశకంలో ఈ చుట్టుపక్కల పల్లెలలో టీకా వేసినవారిని, వేయనివారిని ఏండ్ల తరబడి గమనించారు. 1973లో ఫలితం ప్రకటించారు. టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. అంటే వేయికి ఆరున్నర, వేయికి ఎనిమిది. రక్షణ ఆశించినంత లేదన్నమాట. పసిబిడ్డలలో ఆ రోగపు తీవ్రరూపాలను ఆపడంలో టీకా విలువ ఇతర పరిశోధనలలో తేలింది, నేటికీ వేస్తూనే ఉన్నారు. అది వేరు సంగతి. ఇన్నేండ్లు చెమటోడ్చి చేసిన పనికి ఫలం తక్కువగా వచ్చిందని అంకెలతో సహా లోకానికి చెప్పారే, అది నా దృష్టిలో గొప్ప శిష్యరికం. లెక్క అంటే రూపాయల పద్దు మాత్రమే అనుకోరాదు. మన శ్రమ ఫలించిందా లేదా అన్నదానికి కూడ లెక్క ఉండాలి. మన సువార్త సభల నివేదికలలో విఫలమైన ఏడాది అన్నది ఎన్నడైనా కనిపించిందా?

క్రైస్తవం వెలుపలి ఉదాహరణ ఒకటి మన ఊరిదే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలపడానికి 1911లో ఒక సంస్థ ఏర్పడింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఒమెన్‌లో ఆయనే దానిని రద్దుచేశాడు. గురుపీఠాన్ని వదులుకోవడంతో ఊరకుండలేదు. ఆ పీఠాన్ని చూచి దాత ఒకరు ఇచ్చిన కోటను, భూములను తిరిగి ఆ దాతకే చేర్చారు. ఆయన తత్త్వంతో నాకు ఏకీభావం లేదు. అయితే, వదులుకోవడమూ తిరిగి అప్పగించడమూ కలిసి నడవాలన్న సంగతి మన ఊరి బిడ్డ చేసి చూపించాడని ఒప్పుకోక తప్పదు.

ఇక ఈ వాదానికి ఎదురయ్యే మాటలు చూద్దాం. సాధారణంగా మూడు వినిపిస్తాయి.

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియరాదని క్రీస్తే చెప్పాడు కదా అన్నది మొదటి మాట. నిజమే, అది ఇచ్చేవానికి చెప్పినది. పుచ్చుకొనేవానికి, నిలువచేసేవానికి చెప్పినది కాదు. దాత తన పేరు దాచుకోవడం వినయం. ధర్మకర్త తన పద్దు దాచుకోవడం వినయమని ఏ నిఘంటువు చెబుతుంది?

దైవజనుణ్ణి ప్రశ్నించరాదు, అభిషిక్తుణ్ణి ముట్టరాదు అన్నది రెండవ మాట. కీర్తనలలో ఆ హెచ్చరిక రాజులకు చేసినది. దేశంలేని బాటసారులుగా తిరిగిన పితరులను బలవంతులు హింసింపకుండ కాపాడినది. దానిని తిప్పి, బలవంతుణ్ణి బలహీనుల ప్రశ్నల నుండి కాపాడే కవచంగా తొడుక్కోవడం న్యాయం కాదు. అభిషిక్తుడైన దావీదు ఎదుట నాతాను నిలబడి నేరం మోపాడు. దావీదు సింహాసనం చూపి బెదిరించలేదు, తల వంచాడు. దావీదు గొప్పతనం అక్కడ ఉంది.

మాది విశ్వాస జీవితం, ఎవరినీ అడగం, దేవుడే పోషిస్తాడు, కనుక లెక్క ఆయనకే అన్నది మూడవ మాట. ఈ మాట చెప్పేవారు తరచు జార్జి ముల్లర్ పేరు తలుస్తారు. ముల్లర్ 1836లో బ్రిస్టలులో అనాథాశ్రమం తెరిచాడు. మనుష్యులను యాచించక ప్రార్థన మీదనే ఆధారపడి పదివేలమందికి పైగా పిల్లలను పెంచాడు. అందరికీ తెలిసిన కథే. ఆయన ఏటేటా నివేదికలు అచ్చువేయించి, వచ్చిన ప్రతి కానుకకు పద్దు చూపేవాడన్న సంగతి మాత్రం మన ప్రసంగాలలో వినబడదు. ముల్లర్ విశ్వాసాన్ని ఎత్తుకొని ముల్లర్ పద్దుపుస్తకాన్ని వదిలివేస్తే మనకు మిగిలేది సగం ముల్లరే.

కుప్పం వంటి చోట ఈ చిక్కు మరొక రూపం ధరిస్తుంది. మూడు రాష్ట్రాలు, మూడు భాషలు కలిసే తావు అది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ నెలకొల్పడం ఊరికే జరగలేదు. ఒక సువార్తికుడు ఆదివారం కుప్పంలో తెలుగున ప్రసంగించి, వారం మధ్యలో కృష్ణగిరి వైపు తమిళంలోను, వారాంతానికి కోలారు వైపు కన్నడంలోను మాట్లాడిరాగలడు. భాషాజ్ఞానం ప్రశంసనీయమే. అతణ్ణి పూర్తిగా ఎరిగిన సంఘం మూడింటిలో ఏది? ఇక్కడివారు అతణ్ణి అక్కడివాడనుకొంటారు, అక్కడివారు ఇక్కడివాడనుకొంటారు. అందరికీ చెందినవాడు ఎవరికీ జవాబుదారు కానక్కరలేదు. పౌలు బర్నబాలు ఊరూరు తిరిగినవారే. అయినా తమ్మును పంపిన అంతియొకయ సంఘానికి తిరిగివచ్చి, అందరినీ సమకూర్చి, జరిగినదంతా చెప్పుకొన్నారని అపొస్తలుల కార్యములలో ఉంది. తిరిగే బోధకునికి తిరిగి వచ్చే గడప ఒకటి ఉండాలి.

నిజానికి మన సంఘాలలో లెక్క బొత్తిగా లేదనడం సరికాదు. కిందివాని మెడకు ఎప్పుడూ గంట కట్టే ఉంటుంది. పల్లె ఉపదేశకుడు సైకిలు టైరు మార్పిస్తే చీటీ తేవాలి. పై పెద్ద ఏ ఊరు వెళ్ళినా చీటీ అడిగేవారుండరు. విదేశీ విరాళాల చట్టం 2010 ప్రకారం సంస్థలు ఏటేటా ప్రభుత్వానికి లెక్కలు సమర్పించాలి. 2020 సవరణతో ఆ విరాళాలలో పాలనా వ్యయాల పరిమితి 50 శాతం నుండి 20 శాతానికి తగ్గింది. ఆ చట్టం మంచిచెడ్డలను గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. నా ప్రశ్న చిన్నది. ఆడిటరు సంతకంతో ఢిల్లీకి వెళ్ళే కాగితం నకలు ఒకటి, పిడికెడు బియ్యం తెచ్చిన తల్లికి చదివి వినిపించడానికి అడ్డేమిటి? శిక్షకు భయపడి చూపే లెక్క పౌరధర్మం. అడగకముందే చూపే లెక్క శిష్యధర్మం.

మనం తరచు మరచిపోయే లెక్క మరొకటి ఉంది. సేవ పేరుతో ఉద్యోగం వదిలినవాని త్యాగాన్ని వేదికమీద శాలువతో గౌరవిస్తాం. అతని భార్య పుస్తెలు కుదువలో ఉన్న సంగతి, పిల్లవాని ఫీజు కట్టక పరీక్ష ఆగిన సంగతి ఆ వేదిక ఎక్కవు. తన్ను తాను ఉపేక్షించుకోమన్నాడు గాని ఆలుబిడ్డలను ఉపేక్షించమనలేదు. సంఘపెద్దకు తన ఇంటిని చక్కగా నడుపుకోవడం ఒక యోగ్యత అని పౌలు తిమోతికి వ్రాశాడు. మన త్యాగపు బరువు ఎవరి భుజాలమీద పడుతున్నదో వారికి కూడ మనం లెక్క చెప్పాలి.

ఇంత చెప్పిన తరువాత లెక్క అడిగేవారికి కూడ ఒక మాట. అడగడంలో కూడ అహం పొంచి ఉంటుంది. పదివేలు ఇచ్చాను కనుక పాదిరి నా మాట వినాలనుకొనే దాత, ఎన్నికలలో ఓడిన పగతో పద్దులు తిరగేసే పెద్దమనిషి, పొరపాటు దొరికితే చాలు వీధికెక్కే వాచాలుడు, వీరెవరూ సమీక్ష చేస్తున్నవారు కారు. మిషనరీలు విడిచివెళ్ళిన స్థలాల మీద దక్షిణదేశమంతటా ఎన్ని వ్యాజ్యాలు నడిచాయో, అందులో ఇరుపక్షాలవారూ ఒకే బల్లవద్ద రొట్టె విరిచేవారే. ఆ బల్ల దగ్గరకు రాకముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలని నియమం ఉంది. చెప్పేవానికి ఉపేక్ష ఎంత అవసరమో అడిగేవానికీ అంతే అవసరం. సంస్థను రక్షించాలన్న తపనతో అడగాలి, మనిషిని పడగొట్టాలన్న ఉబలాటంతో కాదు.

చేయవలసినవి కొండలెత్తే పనులు కావు. ఆరాధన ముగియగానే కానుకను అక్కడే ఇద్దరు లెక్కపెట్టి పుస్తకంలో ఇద్దరూ సంతకం చేయాలి. ఆ ఇద్దరూ ఒక కుటుంబంవారు కారాదు. బ్యాంకు ఖాతా సంఘం పేర ఉండాలి, సొమ్ము తీయడానికి ఒక్క సంతకం చాలరాదు. కాపరి జీతమెంతో కాపరి నిర్ణయించుకోరాదు. అది బ్రతకడానికి చాలేదిగా ఉండాలి, చాలీచాలని జీతమిచ్చి నిజాయితీ ఆశించడం కూడ అన్యాయమే. స్థలం, భవనం వ్యక్తి పేర రిజిస్టరు కారాదు. ఏడాదికొకసారి లెక్క చదవాలి, చదివిన రోజున సామాన్య సభ్యురాలు కూడ లేచి అడగగలగాలి. అడిగినందుకు ఆమెను మరుసటి ఆదివారం ఎవరూ చిన్నచూపు చూడరాదు. ఈ చివరిది అన్నిటికంటే కష్టం.

పల్లె గుడులలో ఆనాటి కీర్తనల సంఖ్యలు చూపే చెక్కపలక ఒకటి గోడకు వ్రేలాడుతుంటుంది. దానికింద రెండు అంకెలు వ్రాయడానికి చోటుంది. పోయిన ఆదివారం వచ్చినదెంత, ఖర్చయినదెంత. ఒక సుద్దముక్క చాలు. దీనిని ఇప్పటికే చేస్తున్న సంఘమేదైనా మీ ఎరుకలో ఉంటే, వారు ఏ విధంగా నడుపుతున్నారో వ్యాఖ్యలో తెలియజేయగలరు. ఇతర మతాల మిత్రులు తమ దేవళాలలో, ఆశ్రమాలలో, మసీదులలో ఉన్న మంచి పద్ధతులు చెప్పినా సంతోషమే. నేర్చుకోవడానికి మాకు నామోషీ లేదు.

స్వస్తి.